పండుగ నాడు పుట్టినవాళ్ళ పేర్లు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఇదే శీర్షికలో నోయెల్ అనే పేరు గురించి నాలుగు వాక్యాలు రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పండుగల పేర్ల గురించే కాబట్టి ఈసారి చోటంతా వాటికే ఇస్తున్నాను.

ముందుగా ఒక్క మాట. ఏ పేరు గురించైనా అందరూ మొదట అడిగేది "అర్థం ఏమిటి" అనే. పండుగ పేర్లకు ఆ ప్రశ్న సగమే పనికొస్తుంది. ఏ రోజు, ఎవరి క్యాలెండర్ ప్రకారం అన్నది మిగతా సగం. బర్త్ సర్టిఫికెట్లు లేని కాలంలో బిడ్డ ఎప్పుడు పుట్టిందో గుర్తుంచుకోవడానికి పేరే ఆధారం. నేను ఉద్యోగమంతా గ్రంథాలయంలో కేటలాగు కార్డులు రాస్తూ గడిపాను. దేశదేశాల రచయితల పేర్లలో ఏది ఇంటిపేరు, ఏది సొంత పేరు అని తేల్చడం రోజువారీ పని. ఆ పనిలోనే ఈ పేర్ల మీద ఇష్టం ఏర్పడింది. ఇక ఉత్తరాల్లోకి వెళ్దాం.

ప్రశ్న: మేడమ్, ఫిజిక్స్‌లో పీడనానికి యూనిట్ పాస్కల్. పాతకాలపు ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ ఒకటి కూడా పాస్కలే. ఈ పేరు ఈస్టర్ పండుగ నుంచి వచ్చిందని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా? (ఇంజినీరింగ్ విద్యార్థి)

జవాబు: నిజమే. నిక్లాస్ విర్త్ 1970లో తన లాంగ్వేజ్‌కూ, అంతర్జాతీయ కొలతల సంస్థ 1971లో పీడనం యూనిట్‌కూ ఈ పేరు పెట్టింది 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త బ్లేజ్ పాస్కల్ మీద గౌరవంతో. ఆయనకది ఇంటిపేరు. కానీ పాస్కల్ అంతకు చాలా ముందు నుంచే మనుషుల సొంత పేరు. 817లో పోప్ అయిన ఆయన పేరు కూడా పాస్కల్ అనే.

లాటిన్‌లో పాస్కాలిస్ అంటే పాస్కాకు చెందినవాడు. పాస్కా అంటే ఈస్టర్. లాటిన్ ఆ మాటను గ్రీకు నుంచి తీసుకుంది, గ్రీకు అరామిక్ నుంచి తీసుకుంది, హీబ్రూలో అది పెసహ్. ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యం నుంచి బయటపడిన రాత్రిని తలుచుకునే పండుగ అది. తెలుగు బైబిల్ తెరిస్తే "పస్కా పండుగ" అని కనిపిస్తుంది కదా, పాస్కల్‌లో ఉన్నది ఆ పస్కాయే. యేసు సిలువ మరణం, పునరుత్థానం పస్కా రోజుల్లోనే జరిగాయని సువార్తలు చెబుతాయి. అందుకే యూరప్‌లో చాలా భాషలు ఈస్టర్‌కు కూడా యూదుల పండుగ పేరునే ఉంచుకున్నాయి. ఇటలీలో పాస్క్వాలే, స్పెయిన్‌లో పాస్క్వాల్, గ్రీసులో పాస్కాలిస్ అన్నీ ఒక కుటుంబమే.

ఇక్కడే ఒక చిక్కుంది. స్పెయిన్‌కు చెందిన పునీత పాస్క్వాల్ బైలోన్ 1540 మే 16న పుట్టాడు. ఆ రోజు ఈస్టర్ కాదు, ఈస్టర్ తర్వాత ఏడు వారాలకు వచ్చే పెంతెకొస్తు పండుగ. స్పానిష్‌లో "పాస్క్వా" అనే మాటను ఈస్టర్‌కే కాకుండా పెంతెకొస్తుకు, క్రిస్మస్‌కు కూడా వాడతారు. పేరు చూసి ఈస్టర్ నాడు పుట్టాడని రాసేస్తే ఏడు వారాలు తేడా కొడుతుంది. పేరు ఏ భాషదో చూడకుండా రోజు చెప్పకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే.

ప్రశ్న: ఈజిప్టు ఫుట్‌బాలర్ రమదాన్ సోభీ పేరులో ఉన్నది మనం రంజాన్ అనే మాటేనా? నెల పేరు మనిషికి పెడతారా? (ఫుట్‌బాల్ అభిమాని)

జవాబు: ఆ మాటే. ఆయన పుట్టింది 1997 జనవరి 23న. ఆ ఏడాది రంజాన్ నెల జనవరి రెండో వారంలో మొదలైంది. అంటే ఉపవాసాల నెల నడుస్తుండగా పుట్టాడు. అరబీలో ఈ మాటకు మూలధాతువు మండే వేడిని చెబుతుంది. జనవరి చలిలో పుట్టినవాడికి ఎండల పేరేమిటని అనిపించవచ్చు. ఇస్లామీయ సంవత్సరం పూర్తిగా చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది, మనకున్నట్టు అధికమాసాలు ఉండవు. అందుకని ప్రతి ఏడాదీ దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఒకే నెల అన్ని రుతువులూ తిరిగొస్తుంది. ఈ పేరు చెప్పేది నెలను, వాతావరణాన్ని కాదు.

ఈ రకం పేర్లకు తుర్కీ దేశం పెట్టింది పేరు. రజబ్, షాబాన్, రంజాన్ నెలలు అక్కడ రెజెప్, షాబాన్, రమజాన్ అని మగపిల్లల పేర్లయ్యాయి. ప్రవక్త జన్మదినం మౌలిద్ నుంచి మెవ్లుత్ వచ్చింది. ఖురాన్ అవతరించిన రాత్రిగా భావించే షబే ఖద్ర్ నాడు పుట్టిన పిల్లవాడికి కదిర్ అని పెడతారు. కదిర్‌కు "శక్తిమంతుడు" అనే వేరే అర్థం కూడా ఉంది, అది దేవుడి నామాల్లో ఒకటి. కాబట్టి ప్రతి కదిర్ ఆ రాత్రే పుట్టాడని అనుకోవద్దు. అల్జీరియాలో ఇదే మౌలిద్ "మౌలూద్" అయింది, ఈద్ "లాయిద్" అయింది.

అన్నిటికంటే నాకు నచ్చేది బైరామ్. తుర్కీలో బైరామ్ అంటే ఏకంగా పండుగే. అంకారాలో ఇప్పటికీ జనం సమాధిని దర్శించుకునే సూఫీ గురువు హాజీ బైరామ్ వలీ అసలు పేరు నుమాన్. ఆయన 14వ శతాబ్దంలో పుట్టాడు. మదరసాలో పాఠాలు చెప్పే పండితుడు. సోముంజు బాబా అనే గురువు కబురు చేస్తే వెళ్ళి కలిశాడట. అది సరిగ్గా బక్రీద్ రోజు. మన కలయిక ఒక పండుగ, ఈ రోజు ఇంకో పండుగ అని సంతోషించి గురువే ఆ పేరు పెట్టాడని అక్కడి సంప్రదాయ కథనం. పుట్టిన రోజున కాక, ఎదిగాక గురువును కలిసిన రోజున వచ్చిన పండుగ పేరు ఇది.

తుర్క్‌మెనిస్తాన్‌కు 2007 నుంచి 2022 దాకా అధ్యక్షుడిగా ఉన్న గుర్బంగులీ బెర్దిముహమెదోవ్ పేరు కూడా విడదీసి చూడండి. గుర్బన్ అంటే ఖుర్బానీ, బక్రీద్ పండుగకు అక్కడ ఉన్న పేరు అదే. "గులీ" మనకు కొత్తేమీ కాదు, కులీ కుతుబ్ షాలో ఉన్న కులీయే. సేవకుడు అని అర్థం.

ప్రశ్న: ఉగాండా నియంత ఇదీ అమీన్ పేరులో "ఇదీ" ఏమిటి?

జవాబు: తూర్పు ఆఫ్రికాలో మాట్లాడే స్వాహిలీలో ఈద్‌ను ఇదీ అంటారు. ఆ పేరు అక్కడ మామూలే. శుక్రవారం పుట్టినవాళ్ళకు పెట్టే జుమా కూడా అలాగే.

ప్రశ్న: మా ఆఫీసులో నటాలీ అనే సహోద్యోగి ఉంది. పిల్లల పేర్ల పుస్తకంలో చూస్తే "క్రిస్మస్ నాడు పుట్టినది" అని ఉంది. తన బర్త్‌డే మాత్రం జూలైలో. పుస్తకం తప్పా, వాళ్ళ అమ్మానాన్నలు తప్పు చేశారా?

జవాబు: ఎవరూ తప్పు చేయలేదండీ. నటాలిస్ అంటే లాటిన్‌లో పుట్టుకకు సంబంధించినది. "ప్రభువు పుట్టినరోజు" అనే మాటలో అది క్రిస్మస్‌కు గుర్తయింది, దాని నుంచి నటాలియా వచ్చింది. అయితే 4వ శతాబ్దం తొలినాళ్ళలో, ఇప్పటి తుర్కీలో ఉన్న నికొమీడియాలో నటాలియా అనే భక్తురాలు ఉండేదనీ, విశ్వాసం కోసం చెరసాలలో పడ్డ భర్త ఆద్రియన్‌కు ధైర్యం చెబుతూ నిలబడిందనీ క్రైస్తవ సంప్రదాయం. తూర్పు సంఘాల్లో వాళ్ళిద్దరి స్మరణ దినం ఆగస్టు 26. పునీతురాలు ఒకరు ఆ పేరుతో ప్రసిద్ధి అయ్యాక తర్వాతి నటాలియాలు ఆమెను బట్టి వస్తారు. ఆ తర్వాత అమ్మమ్మను బట్టి, నచ్చిన నటిని బట్టి. పేరు రోజును చెప్పేది మొదట పెట్టించుకున్న మనిషికి. తరవాతి వాళ్ళకు అది వారసత్వంగా వచ్చిన పేరు.

నోయెల్ కూడా ఆ నటాలిస్ నుంచే ఫ్రెంచిలో రూపం మారి వచ్చింది, కానీ పండుగకు ఇంకా దగ్గరగానే ఉంది. ఇంగ్లీషు నాటక రచయిత నోయెల్ కవర్డ్ 1899 డిసెంబర్ 16న, క్రిస్మస్ ముంగిట్లో పుట్టాడు. పాటల రచయిత నోయెల్ గాలగర్ మాత్రం పుట్టింది 1967 మే 29న.

ఏకంగా క్రిస్మస్ అనే పేరున్నవాళ్ళూ ఉన్నారు. లండన్‌లో న్యాయమూర్తిగా పనిచేసిన క్రిస్మస్ హంఫ్రీస్ పుట్టింది 1901 ఫిబ్రవరిలో. ఆ పేరు వాళ్ళ ఇంట్లో తరాలుగా వస్తున్నది, తండ్రి పేరులోనూ ఉంది. ఈ క్రిస్మస్ గారు బౌద్ధం స్వీకరించి 1924లో లండన్ బౌద్ధ సంఘాన్ని స్థాపించారు. పేరును బట్టి మతాన్నీ పుట్టినరోజునూ తేల్చేసే అలవాటున్నవాళ్ళు ఆయన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ప్రశ్న: టిఫనీ అనేది నగల కంపెనీ పేరు నుంచి పుట్టిన మోడరన్ పేరే కదా?

జవాబు: కాదు, ఇది మధ్యయుగాల పేరు. గ్రీకులో థియోఫానియా అంటే దేవుడి దర్శనం. జనవరి 6న వచ్చే ఎపిఫనీ పండుగకు అది పాత పేరు. ఆ పండుగకు పుట్టిన ఆడపిల్లలకు థియోఫానియా అని పెట్టేవాళ్ళు. పాత ఫ్రెంచిలో అరిగి అరిగి తిఫేన్ అయింది, ఇంగ్లీషులో టిఫనీ. తర్వాత ఇంటిపేరుగా మిగిలింది. 1837లో న్యూయార్క్‌లో దుకాణం తెరిచిన చార్లెస్ టిఫనీకి ఉన్నది ఆ ఇంటిపేరే. ఇదే పండుగను గ్రీకులు "వెలుగులు" అని కూడా అంటారు, దాని నుంచి వాళ్ళకు ఫోతినీ, ఫోతిస్ వచ్చాయి.

ప్రశ్న: మా అమ్మాయికి గ్రీసులో లాంబ్రినీ అనే స్నేహితురాలు ఉంది. వాళ్ళు పుట్టినరోజు కంటే "పేరు రోజు" ఎక్కువగా చేసుకుంటారట. అది కూడా ఏటా తేదీ మారుతుందట. ఇదెలా?

జవాబు: గ్రీకు క్యాలెండర్‌లో దాదాపు ప్రతి రోజుకూ ఒక పునీతుడో పండుగో ఉంటుంది. ఆ పేరున్న వాళ్ళందరికీ అది పేరు రోజు. యేసు పుట్టబోతున్నాడని మరియమ్మకు కబురందిన మంగళవార్త పండుగ మార్చి 25న, కాబట్టి ఇవాంగెలోస్, ఇవాంగెలియాలకు ఆ రోజు. సిలువ పండుగ సెప్టెంబర్ 14న, అది స్టావ్రోస్, స్టావ్రూలాలది. అవి కదలవు. లాంబ్రినీ సంగతి వేరు. గ్రీకు జనం ఈస్టర్‌ను ముద్దుగా లాంబ్రీ అంటారు, వెలుగుతున్నది అని. లాంబ్రోస్, లాంబ్రినీ ఆ మాట నుంచి వచ్చిన పేర్లు. ఈస్టర్ ఎప్పుడొస్తే అప్పుడే వాళ్ళ పేరు రోజు. పునరుత్థానం అని అర్థమిచ్చే అనస్తాసియోస్, అనస్తాసియాలకూ ఈస్టరే. కొందరు అనస్తాసియాలు మాత్రం ఆ పేరుగల పునీతురాలి దినమైన డిసెంబర్ 22న చేసుకుంటారు. ఈస్టర్‌కు ముందు ఆదివారమైన మట్టల ఆదివారానికి కూడా పేర్లున్నాయి, వాయోస్, వాయా అని.

జార్జిలది ఇంకో తిరకాసు. వాళ్ళ రోజు ఏప్రిల్ 23. ఏ ఏడాదైనా అది ఈస్టర్‌కు ముందే వచ్చేస్తే, ఉపవాస దినాల్లో సంబరం చేయకూడదని ఈస్టర్ మర్నాటి సోమవారానికి జరుపుతారు. దేశంలో ఉన్న జార్జిలంతా ఆ ఏడాది ఒక సోమవారం కోసం ఎదురుచూస్తారన్నమాట.

బల్గేరియాలో అయితే పువ్వు పేరో చెట్టు పేరో ఉన్న అందరికీ మట్టల ఆదివారమే పేరు రోజు. ఈ పద్ధతి నాకెంత ఇష్టమో చెప్పలేను. పుట్టినరోజు గుర్తుపెట్టుకోవడానికి మనిషితో పరిచయం ఉండాలి. పేరు రోజుకు పేరు తెలిస్తే చాలు, శుభాకాంక్షలు చెప్పేయవచ్చు.

ప్రశ్న: ఖగోళ శాస్త్రవేత్త విక్టర్ అంబార్త్సుమియాన్ ఇంటిపేరు పలకడానికే కష్టం. దానికి అర్థం ఉందా?

జవాబు: ఉంది. ఆర్మేనియన్‌లో హంబర్జుమ్ అంటే యేసు ఆరోహణ పండుగ, ఈస్టర్ తర్వాత నలభయ్యో రోజున వచ్చేది. చివరి "యాన్" వంశాన్ని చెబుతుంది. ఆరోహణ పేరున్న ఒక తాత సంతతి. నక్షత్రాలు చూసే మనిషికి ఆకాశానికి ఎక్కిన పేరు దొరికిందని నాకు మహా సంతోషం. ఇస్తాంబుల్‌లో ఆర్మేనియన్, తుర్కీ సంగీతాలకు స్వరలిపి తయారుచేసిన హంపార్త్సుమ్ లిమోంజియాన్ (1768–1839) సొంత పేరూ ఇదే.

రష్యా ఇంటిపేర్లలోనూ పండుగలు దొరుకుతాయి. అక్కడ మతగురువుల చదువుకు వెళ్ళిన కుర్రాళ్ళకు చర్చి పేరునో పండుగ పేరునో ఇంటిపేరుగా ఇచ్చేవాళ్ళు. రొజ్దెస్త్‌వెన్‌స్కీ క్రిస్మస్, వొస్క్రెసెన్‌స్కీ పునరుత్థానం, ట్రొయిత్‌స్కీ త్రిత్వ పండుగ.

ప్రశ్న: డొలోరెస్ అంటే బాధలు అని తెలిసి ఆశ్చర్యపోయాను. ఆడపిల్లకు అలాంటి పేరెలా పెడతారు? (ఒక అమ్మమ్మ)

జవాబు: అమ్మా, అది బిడ్డ బాధలు కాదు, మరియమ్మవి. పూర్తి పేరు "మరియా దె లొస్ డొలోరెస్", వ్యాకులమాత. సెప్టెంబర్ 15న ఆమె స్మరణ. స్పానిష్ ఆడవాళ్ళ పేర్లలో పెద్ద భాగం ఇలా మరియమ్మ పండుగలే. ముందున్న మరియా జారిపోయి బిరుదు ఒక్కటే పేరుగా మిగిలింది. ఆగస్టు 15, మరియమ్మ పరలోకానికి ఎత్తబడిన పండుగ, అసున్సియోన్. డిసెంబర్ 8, ఆమె తల్లి కడుపున పడ్డప్పుడే నిష్కళంక అని చేసే పండుగ, కొన్సెప్సియోన్, ఇంట్లో ముద్దుగా కొంచీతా. ఫిబ్రవరి 2న కొవ్వొత్తులు దీవించే పండుగ కందెలారియా. డొలోరెస్‌నైతే లోలా అని పిలుస్తారు, ఆ పిలుపులో బాధ జాడ కూడా మిగలదు.

మెర్సిడెస్ కూడా ఇందులోదే. బందీలను విడిపించడానికి 1218లో బార్సిలోనాలో ఏర్పడిన సన్యాసి సంఘం కొలిచే కరుణామాత ఆమె, పండుగ సెప్టెంబర్ 24న. మీరు రోడ్డు మీద చూసే కారుకు ఆ పేరు, ఆ కార్లు అమ్మిన వ్యాపారి ఎమిల్ యెలినెక్ కూతురు మెర్సిడెస్ నుంచి వచ్చింది. యెలినెక్ తండ్రి వియన్నాలో పేరున్న యూదు రబ్బీ. రబ్బీ గారి మనవరాలి క్యాథలిక్ పండుగ పేరు జర్మన్ కారు మీదికి ఎక్కింది.

ప్రశ్న: మా తాతగారి పేరు హగ్గయి. బైబిల్ ప్రవక్త పేరని తెలుసు. దానికి పండుగతో సంబంధం ఉందా?

జవాబు: సూటిగా ఉంది. హీబ్రూలో హగ్ అంటే పండుగ. హగ్గయి అంటే పండుగవాడు, పండుగకు పుట్టినవాడు. దావీదు భార్యల్లో ఒకామె, అదోనీయా తల్లి హగ్గీతు పేరూ ఇదే మాట నుంచి. హగ్‌కూ అరబీ హజ్‌కూ ధాతువు ఒకటే. మీ తాతగారి పేరు, మక్కా వెళ్ళొచ్చినాయన్ని హాజీ అనే పిలుపు చుట్టాలన్నమాట.

హగ్గయి గ్రంథం చిన్నది, రెండే అధ్యాయాలు. కానీ తేదీలు కచ్చితంగా ఇస్తుంది. పారసీక రాజు దర్యావేషు ఏలుబడిలో రెండో సంవత్సరం, అంటే క్రీ.పూ. 520. రెండో అధ్యాయం మొదటి వచనం చూడండి: ఏడవ నెల ఇరవై ఒకటవ దినం. ఆ నెల పదిహేనున మొదలయ్యే పర్ణశాలల పండుగకు అది ఏడో రోజు. యెరూషలేము ఆలయం ఇంకా మొండిగోడలతో ఉంది, జనం నీరసపడి ఉన్నారు. ఆ పండుగ రోజున, పండుగ పేరున్న మనిషి లేచి "ధైర్యము తెచ్చుకొనుడి" అంటాడు. ఇంత మంచి పేరు మీ ఇంట్లో ఉంది, తరవాతి తరానికి అందివ్వండి.

యూదుల్లో ఈ ఆచారం తర్వాత కూడా ఆగలేదు. విశ్రాంతిదినం నుంచి షబ్బెతై, శుభదినం అనే అర్థంతో యోమ్ తోవ్, ఇంకా పెసహ్ కూడా మగవాళ్ళ పేర్లే. ఆలయం కూలిన దుఃఖాన్ని తలుచుకుని ఉపవాసముండే ఆబ్ నెల తొమ్మిదో రోజున పుట్టినవాడికి మెనహేమ్, ఓదార్చేవాడు, అని పెట్టేవాళ్ళు. పండుగ కాని రోజుకూ పేరు ఇచ్చారు చూడండి.

ప్రశ్న: మా పాప పేరు ఫల్గుణి. ఫాల్గుణ మాసం నుంచి వచ్చిందా, అర్జునుడి నుంచి వచ్చిందా?

జవాబు: రెండిటికీ మూలం ఫల్గునీ నక్షత్రం. పున్నమి చంద్రుడు ఆ నక్షత్రం దగ్గర ఉండే నెల ఫాల్గుణం, ఆ పున్నమే హోలీ. అర్జునుడి పేరు గురించి విరాటపర్వంలో ఆయనే ఉత్తరుడికి చెబుతాడు, ఫల్గునీ నక్షత్రంలో పుట్టాను కాబట్టి ఫల్గునుడినని. ఉరిమినప్పుడు "అర్జునః ఫల్గుణః పార్థః" అనుకునేవాళ్ళంతా ఒక జన్మనక్షత్రాన్ని తలుచుకుంటున్నట్టే. పుట్టిన నక్షత్రాన్ని బట్టి మనిషి పేరు ఎలా ఏర్పడుతుందో పాణిని ప్రత్యేకంగా సూత్రం రాశాడు, అందులో ఫల్గునీ కూడా ఉంది.

ప్రశ్న: మేడమ్, నా డెలివరీ డేట్ సరిగ్గా పండుగ దగ్గర పడుతోంది. ఇంట్లో అందరూ పండుగ పేరే పెడదామంటున్నారు. తర్వాత ఏ ఏడాదీ పుట్టినరోజు, పండుగ ఒకే రోజు రాకపోతే పేరు అబద్ధమైపోదా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ అక్కర్లేదమ్మా. ఈస్టర్ మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఎక్కడైనా రావచ్చు. రంజాన్ అన్ని రుతువులూ తిరుగుతుందని పైన చెప్పాను. తిథిని బట్టి వచ్చే పండుగలన్నీ ఇంగ్లీషు తేదీకి అంతే. పేరు చెప్పేది బిడ్డ వచ్చిన రోజు సంగతి, అది ఎప్పటికీ నిజమే.

అయినా మనసు ఒప్పకపోతే ఇంకో రెండు దారులున్నాయి. నైజీరియాలోని యొరుబా వాళ్ళు ఫలానా పండుగ అని చెప్పకుండా, పండుగ వేళ పుట్టినవాడు అని అబియోదున్ అంటారు, పండుగతో పాటు వచ్చింది అని బొదుందే అంటారు. తేదీ ఏదైనా ఆ పేర్లకు ఇబ్బంది లేదు. రెండో దారి, పండుగ కథలోని మనిషి పేరు పెట్టడం. పూరీము పండుగకు పుట్టిన పిల్లలకు యూదులు ఎస్తేరు, మొర్దెకై అని పెట్టేది అందుకే. నన్నడిగితే నేను రెండోదానికే ఓటేస్తాను, పిల్ల పెద్దయ్యాక చెప్పడానికి ఒక కథ కూడా ఉంటుంది. సుఖంగా కాన్పు కానివ్వండి. ఏ పేరు ఖాయం చేశారో ఒక కార్డు ముక్క రాయండి.